లింక్ ఉందా అన్నా? దొంగ కాపీల్లో సిరీస్‌లు చూసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను యూసఫ్‌గూడలో ఉంటాను. బయటి భాషల సిరీస్‌లకు తెలుగు డబ్బింగ్ మాటలు రాయడం నా పని. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో, పెళ్లి భోజనాల దగ్గర, కృష్ణానగర్ టీ కొట్టు ముందు, నా పనేంటో తెలిసినవాళ్లు మొదట అడిగేది ‘లింక్ ఉందా?’ అని. లేదన్నాక రెండో ప్రశ్న ‘అయితే తప్పంటావా?’ ఏళ్లుగా ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటే ఒకచోట రాసి పెడదామనిపించింది. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఫర్వాలేదు. నేను లాయర్‌ని కాను, సన్యాసినీ కాను. ఇంజినీరింగ్ హాస్టల్లో ఒకరి కంప్యూటర్లోంచి ఇంకొకరు ఫైళ్లు దించుకునే డీసీ ప్లస్ ప్లస్ మీద తెల్లవార్లూ సీజన్లకు సీజన్లు దించిన బాపతే.

## దించకముందు

కాపీ చేస్తే ఎవరి వస్తువూ పోదు కదా, దీన్ని దొంగతనం అని ఎందుకంటారు?

మీ మాటలో సగం నిజం. నా బండి ఎవరైనా ఎత్తుకెళ్తే రేపు పనికి నడిచి పోవాలి. సిరీస్ కాపీ చేస్తే అసలుది అక్కడే ఉంటుంది. అందుకే చట్టం దీన్ని దొంగతనం అనకుండా కాపీరైట్ ఉల్లంఘన అంటుంది.

నన్నడిగితే దీనికి దగ్గరి పోలిక టికెట్ లేకుండా సిటీ బస్సెక్కడం. మీరెక్కినా ఎక్కకపోయినా పటాన్‌చెరు బస్సు పటాన్‌చెరు పోతుంది. మీ ఒక్కరి బరువుకు కాలే డీజిలెంత? అయినా కండక్టర్ దగ్గరికొస్తుంటే వెనక తలుపు వైపు ఎందుకు జరుగుతామో మనకు తెలుసు. పక్కవాళ్లు కొన్న టికెట్ల మీద నడిచే బస్సులో కూర్చున్నాం. ఆడవాళ్ల జీరో టికెట్ సంగతి వేరు, ఆ డబ్బు ఆర్టీసీకి ప్రభుత్వం కడుతుంది. యాడ్స్‌తో ఫ్రీగా వచ్చే షో కూడా జీరో టికెట్ లాంటిదే, మీ బదులు ఎవరో కడుతున్నారు. దొంగ లింక్‌లో మీ బదులు ఎవరూ కట్టరు.

నేనెలాగూ కొనను. కొననివాడు చూస్తే వాళ్లకు పోయేదేంటి?

నిజంగా కొననివాడు చూస్తే పోయేదేమీ లేదు, ఒప్పుకుంటాను. ప్రతి డౌన్‌లోడ్‌నీ పోయిన అమ్మకంగా లెక్కేసి ఇన్ని కోట్లు నష్టం అని చెప్పేవాళ్లు కూడా లెక్క తప్పుతున్నారు. చిక్కల్లా ‘నేనెలాగూ కొనను’ అనే మాటతోనే. లింక్ పనిచేసినంతకాలం ఆ మాట ఎవరైనా అనొచ్చు. ఈ రాత్రి ఏ లింకూ తెరుచుకోకపోతే ఏం చేస్తారు? ఫోన్ పక్కన పడేసి నిద్రపోతే మీరు చెప్పింది నిజం. కాసేపు గింజుకుని నెల ప్లాన్ కట్టేస్తే, ఇన్నాళ్లూ కట్టగలిగే మనిషే.

హాస్టల్లో ఉన్నప్పుడు నేను మొదటి రకం. ఉద్యోగం వచ్చిన రెండేళ్లకి రెండో రకంలోకి మారాను. అలవాటు మాత్రం ఇంకో నాలుగేళ్లు మారలేదు.

కోట్లున్న కంపెనీలకే కదా నష్టం, పనిచేసినవాళ్లకు జీతాలు ముందే ఇచ్చేస్తారుగా?

దీనికి నా ఇంట్లో కథే చెప్పాలి. నేను మాటలు రాసిన ఒక సిరీస్ వచ్చిన మూడోరోజు మా మేనమామ కొడుకు ఫోన్ చేశాడు. ‘బావా, ఆ ఇన్‌స్పెక్టర్ డైలాగులు అదరగొట్టినవ్’ అన్నాడు. నాకు కడుపు నిండిపోయింది. ఏ యాప్‌లో చూశావురా అంటే ‘టెలిగ్రామ్‌ల వచ్చింది బావా’ అన్నాడు.

వాడు అలా చూసినందుకు నాకు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. డబ్బింగ్ రాసేవాళ్లకు ఎపిసోడ్‌కి ఇంత అని లెక్క కట్టి ఇస్తారు, కోటిమంది చూసినా అంతే. లైట్‌మ్యాన్‌కూ మేకప్ అసిస్టెంట్‌కూ రోజు కూలి. కాబట్టి మీ వాదనలో ఆ ముక్క నిజమే.

మా నష్టం వేరే దారిలో వస్తుంది. మొదటి సీజన్‌ను ఎంతమంది చూశారు, అందులో ఎందరు కొత్తగా చందా కట్టారు అన్న లెక్క చూశాకే రెండో సీజన్‌కి తెలుగు డబ్బింగ్ కావాలా వద్దా అని తేలుస్తారు. టెలిగ్రామ్‌లో చూసిన మావాడు ఆ లెక్కలో లేడు. సిరీస్‌ను అంత మెచ్చుకున్నవాడు తెలుగు ప్రేక్షకుల్లో లేనట్టే. ఆ సిరీస్ రెండో సీజన్ తెలుగులో రాలేదు. వాడొక్కడి వల్లే అనను. వాడిలాంటి వాళ్ల లెక్క తేలలేదు కాబట్టి ఎవరి వల్లో ఎప్పటికీ తెలియదు.

చూసినవాళ్ల లెక్కకూ చేసినవాళ్ల సంపాదనకూ నేరుగా ముడి ఉన్న చోట్లూ ఉన్నాయి. 2023లో అమెరికాలో రచయితల సంఘం 148 రోజులు సమ్మె చేసింది. తమ షో స్ట్రీమింగ్‌లో ఆడుతున్నంతకాలం తమకు రావాల్సిన వాటా అందులో ఒక పెద్ద పేచీ. మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి పాటల రచయితలకూ సంగీత దర్శకులకూ థియేటర్ బయటి వాడకాల మీద రాయల్టీ హక్కు ఇచ్చారు. మాటలు రాసే మాకు ఆ భాగ్యం ఇంకా పట్టలేదు, అది వేరే గోల.

ఇండియాలో ఏ యాప్‌లోనూ లేని షో అయితే?

ఇక్కడ నేను మెత్తబడతాను. డబ్బు చేతిలో పట్టుకుని తిరిగినా అమ్మేవాడు లేకపోతే, దించుకున్నవాణ్ని తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. చట్టం మాత్రం మెత్తబడదు. అమ్మకుండా ఉండే హక్కు కూడా యజమానిదే అంటుంది.

ఒక్క షరతు. ‘ఎక్కడా లేదు’ అనేముందు నిజంగా వెతకండి. యూట్యూబ్ అద్దెల్లో, డీవీడీల్లో, కేబుల్ ఆపరేటర్ ఇచ్చే యాప్‌లో కూడా. నన్ను ఇలా అడిగినవాళ్లలో చాలామందికి ఆ షో వాళ్ల ఫోన్ రీచార్జ్‌తో ఉచితంగా వచ్చిన యాప్‌లోనే కనపడింది. తర్వాత ఎప్పుడైనా ఆ షో ఇక్కడికి వస్తే ఒక్క నెల కట్టి మళ్లీ చూడండి.

డబ్బు కట్టిన యాప్‌లోంచే షో తీసేశారు, ఇప్పుడు దించుకుంటే తప్పేంటి?

కోపం న్యాయమైనదే. 2023 మార్చి 31తో అమెరికా ఛానెల్ హెచ్‌బీఓ షోలు డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ నుంచి మాయమయ్యాయి. ఏడాది చందా కట్టి సగం సీజన్‌లో ఉన్నవాళ్లు నోరు తెరుచుకుని ఉండిపోయారు. కొద్ది వారాలకు అవే షోలు జియోసినిమాలో తేలాయి, మళ్లీ చందా కట్టాల్సి వచ్చింది. చందా అంటే షోను కొనుక్కోవడం అనుకుంటాం, అది అద్దె. ఇల్లుగలాయన తాళం మార్చేశాడు.

నా మాటగా చెప్పాలంటే, కట్టిన ఏడాది అయిపోయేలోపు మీరు సగంలో ఆపిన ఆ నాలుగు ఎపిసోడ్లు ఎలా చూసినా నేను అడగను. చట్టం అడుగుతుంది, మీరు కట్టిన చందా దానికి లెక్కలోకి రాదు. ఆ సాకుతో మొత్తం ఎనిమిది సీజన్లు దించి హార్డ్‌డిస్క్‌లో దాచుకుంటే అది కోపం దాటి కక్కుర్తిలోకి వచ్చినట్టే.

ఇంకా విడుదలే కాని ఎపిసోడ్ లీకైంది, చూడొచ్చా?

వద్దు. ఈ పేజీలో నేను గట్టిగా అడ్డం తిరిగే చోట్లలో ఇదొకటి.

డబ్బింగ్‌కి నాకొచ్చే వీడియో ఎలా ఉంటుందో చూస్తే మీకే తెలుస్తుంది. మసక ప్రింట్, కొన్నిసార్లు నలుపు తెలుపు. తెర మధ్యలో అడ్డంగా నా పేరు, తేదీ. ఆ అక్షరాల సందుల్లోంచి నటి పెదాలు ఎప్పుడు మూసుకుంటున్నాయో చూసి అక్కడ ప, బ, మ వచ్చే మాట వెతకాలి. డబ్బింగ్ థియేటర్ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, బయట డబ్బాలో పెట్టి పోవాలి. ఇంత కట్టడి ఎందుకంటే లీకైతే మొదట పోయేవి ఆ గదిలో ఉన్నవాళ్ల ఉద్యోగాలు. 2017 ఆగస్టులో గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఏడో సీజన్ నాలుగో ఎపిసోడ్ ప్రసారానికి ముందే బయటికొచ్చింది. ప్రింట్ మీద స్టార్ ఇండియా గుర్తు ఉంది. పోలీసులు పట్టుకున్న నలుగురూ అమెరికాలో దొరకలేదు, మన దేశంలోనే దొరికారు.

పైరసీ వల్లే కదా షోకి పేరొచ్చేది?

2013లో హెచ్‌బీఓ యజమాని కంపెనీ టైమ్ వార్నర్ అధిపతి జెఫ్ బ్యూక్స్ కూడా తమ గేమ్ ఆఫ్ థ్రోన్స్‌ను అంతమంది దొంగచాటుగా చూడటం ఎమ్మీ అవార్డు కంటే మేలు అన్నారు. ఊరంతా మాట్లాడుకుంటే చందాదార్లు పెరుగుతారన్నది ఆయన లెక్క. ప్రపంచమంతా ఎదురుచూసే షో ఉన్నవాడు ఆ మాట అనొచ్చు. ఆరు ఎపిసోడ్లు అప్పు చేసి తీసి, ఒక్క తెలుగు యాప్‌కి అమ్ముకున్నవాడికి పేరొక్కటే మిగిలితే దాన్ని ఈఎంఐకి కట్టలేడు.

తెలుగు సిరీస్‌ని దించడం ఎక్కువ తప్పా, ఇంగ్లీష్‌దైతే తక్కువ తప్పా?

చట్టానికి రెండూ ఒకటే. భారత్ 1928 నుంచే బెర్న్ ఒప్పందంలో ఉంది కాబట్టి విదేశీ షోకి ఇక్కడా రక్షణ ఉంది. నా మనసుకు మాత్రం తేడా ఉంది. ఆహా, ఈటీవీ విన్ లాంటివి ప్రధానంగా తెలుగువాళ్ల చందాల మీదే బతకాలి. పెద్ద కంపెనీకి దోమ కుట్టినట్టున్నది చిన్నదానికి జ్వరం తెప్పిస్తుంది.

## దించేటప్పుడు

టొరెంట్‌లో దించడానికీ, సైట్‌లో చూడటానికీ తేడా ఏముంది?

పెద్ద తేడా. 2001లో బ్రామ్ కోహెన్ రాసిన బిట్‌టొరెంట్ పద్ధతిలో ఫైల్ ఒకచోట ఉండదు, ముక్కలుగా అందరి దగ్గరా ఉంటుంది. మీరు దించుకుంటున్నప్పుడే మీ దగ్గరికొచ్చిన ముక్కలు ఇంకొకరికి వెళ్తుంటాయి. తిలా పాపం తలా పిడికెడు అని పెద్దలు ఏ సందర్భంలో అన్నారో గానీ, టొరెంట్‌ని ఇంతకంటే సరిగ్గా ఎవరూ వర్ణించలేదు. అంటే మీరు చూసేవారే కాకుండా పంచేవారు కూడా అవుతున్నారు. చట్టం ఎక్కువ కోపంగా చూసేది పంచడాన్నే. పడుకునేముందు పెట్టి పొద్దున్నే లేచి చూసేసరికి మీరు దించుకున్నదానికి రెండింతలు పంచి ఉండొచ్చు.

టొరెంట్ అనే పద్ధతిలో దోషం లేదు. లినక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లనూ అలాగే పంచుతారు.

ఆన్‌లైన్‌లో చూస్తే నేరం కాదు, దించితేనే నేరం అంటున్నారు. నిజమా?

ఈ మాటకు మూలం 2016 ఆగస్టు నాటి బాంబే హైకోర్టు ఉత్తర్వు. అప్పట్లో బ్లాక్ చేసిన సైట్ తెరిస్తే ‘చూడటం కూడా శిక్షార్హం’ అన్నట్టు ఒక హెచ్చరిక వచ్చేది. నేరం ఉన్నది చూడటంలో కాదని, అనుమతి లేకుండా పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం, అమ్మడం, అద్దెకివ్వడంలోనని జస్టిస్ గౌతమ్ పటేల్ అన్నారు.

ఇది తెలిసినప్పటి నుంచి మా బిల్డింగ్ కుర్రాళ్లు దాన్ని లైసెన్స్‌లా చూపిస్తున్నారు. జైలుకు పంపరు అన్నదానికీ చేయొచ్చు అన్నదానికీ మధ్య చాలా జాగా ఉంది. ముసలాయనకు సీటివ్వకపోతే కూడా జైల్లో వేయరు.

సొంత వాడకానికి కాపీ చేసుకోవచ్చని చట్టంలోనే ఉందటగా?

ఉంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో సొంత వాడకానికి మినహాయింపు ఉంది. కానీ అక్కడ వాడిన మాట ‘న్యాయమైన’ వాడకం అని. డబ్బిచ్చి కొన్నదాన్ని ఇంకో పరికరంలోకి ఎక్కించుకోవడం దానికింద ఇమడొచ్చు. ఎవరో దొంగచాటుగా పెట్టిన మొత్తం సీజన్‌ను దించుకోవడం ఇముడుతుందని నాకు తెలిసిన ఏ వకీలూ నమ్మకంగా చెప్పలేదు. కాపీ కాకుండా వేసిన డిజిటల్ తాళం పగలగొట్టేవాళ్ల కోసం 65ఏ అని వేరే సెక్షనే ఉంది.

ఏడాదికి రెండు వేలు కడితే అన్ని యాప్‌లూ వచ్చే బాక్స్ పెడతానని ఒకతను అంటున్నాడు. డబ్బు కడుతున్నాం కదా, ఇది కూడా పైరసీయేనా?

అన్నింటికంటే చెడ్డది ఇదే. ఫ్రీ లింక్‌లో చూసేవాడు తన జేబులో డబ్బు తన జేబులోనే ఉంచుకుంటున్నాడు. మీరు జేబులోంచి తీసి షోతో ఏ సంబంధం లేనివాడి చేతిలో పెడుతున్నారు. ‘నాకు స్తోమత లేదు’ అన్న సాకు కూడా మీకు లేదు. ఉన్న స్తోమత దొంగకిచ్చారు. ఒకరోజు సర్వర్ ఆగిపోతే రసీదు ఉండదు, ఆఫీసు ఉండదు, ఫోన్ ఎత్తడు. మా పై అంతస్తు సార్‌కి మూడు నెలలకే ఆగిపోయింది. ఎవరికి ఫిర్యాదు చేస్తాడు?

దొంగ యాప్ వేసుకుంటే ఫోన్‌కి నిజంగా ప్రమాదమా, భయపెట్టడానికి అంటారా?

భయపెట్టడానికే అంటే బాగుండేది. ప్లే స్టోర్‌లో లేని ఏపీకే ఫైల్ వేసుకునేటప్పుడు అది అడిగే అనుమతులు చూడండి. సిరీస్ చూపించే యాప్‌కి మీ ఎస్ఎంఎస్‌లతో పనేంటి? ఓటీపీలు వచ్చేది అక్కడికే. యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే తెర మీద మీరేం నొక్కుతున్నారో అంతా చూడగలదు.

డబ్బు పోతే దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకోకండి. ఏం చూడబోయి పోయిందో చెప్పడానికి సిగ్గుపడి గంటలు గడిపేస్తారు, ఆలోగా డబ్బు నాలుగు ఖాతాలు దాటుతుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మనం ఎక్కణ్నుంచి చూస్తున్నామో దాచే వీపీఎన్ పెట్టుకుంటే?

వీపీఎన్ వాడటం మన దేశంలో నేరం కాదు. డబ్బు కట్టిన యాప్‌లో ఇంకో దేశపు జాబితా చూడటానికి వాడితే యాప్ నిబంధన తప్పినట్టు, కనీసం డబ్బు కట్టారు. దొంగ సైట్ కోసం వాడితే ముసుగేసుకుని వెళ్లినట్టు, వెళ్లిన చోటు మారదు.

## చూశాక, పంచుకునేటప్పుడు

నేను చూశాను, బాగుందని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అందులో తప్పేంటి?

మీ ఒక్కరి కోసం దించుకోవడం చిన్న తప్పైతే, విడుదలైన రాత్రే 200 మంది ఉన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టడం దానికి 200 రెట్లు. వాళ్లలో చందా కట్టి ఉన్నవాళ్లు ఉంటారు, వాళ్లు కూడా లింక్ నొక్కేస్తారు, దగ్గరగా ఉంది కాబట్టి. కొనేవాణ్ని కొననివాడిగా మార్చింది మీ ఫార్వర్డ్. మంచి షో చూశానన్న సంతోషం పంచుకోవాలంటే పేరు చెప్పండి, ఏ యాప్‌లో ఉందో చెప్పండి. మాలాంటి వాళ్లకు అంతకు మించిన పబ్లిసిటీ లేదు.

పాస్‌వర్డ్ ఇవ్వడం కూడా పైరసీయేనా?

2017లో నెట్‌ఫ్లిక్సే ప్రేమంటే పాస్‌వర్డ్ పంచుకోవడమే అన్న అర్థంలో ట్వీట్ చేసింది. 2023 జులైలో ఇండియాలో అదే నెట్‌ఫ్లిక్స్ ఒక ఇంటికి ఒక్క ఖాతా అని కట్టడి పెట్టింది. ప్రేమ ఆరేళ్లు నిలిచింది.

ఒకే ఇంట్లోవాళ్లు వాడుకోవడంలో ఏమీ లేదు. కరీంనగర్‌లో ఉన్న అమ్మానాన్నలకిస్తే కొన్ని కంపెనీల నిబంధన ఒప్పుకోదు, నా మనసు ఒప్పుకుంటుంది. ఆఫీసులో నలుగురు అపరిచితులు వంతులేసుకుని కట్టుకోవడం చందా తప్పించుకోవడమే, అయినా దొంగ లింక్ కంటే నయం.

ఆ సైట్ నడిపినవాడు పేదలకు ఫ్రీగా చూపించాడు. వాణ్నెందుకు పట్టుకున్నారు?

2025 నవంబర్‌లో ఐబొమ్మ, బప్పం సైట్లు నడుపుతున్నాడన్న ఆరోపణపై హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకతన్ని కూకట్‌పల్లిలో అరెస్ట్ చేసినప్పుడు సోషల్ మీడియాలో సగంమంది అతన్ని హీరోని చేశారు. నిజానిజాలు కోర్టు చూసుకుంటుంది. కానీ ‘ఫ్రీ’ అన్న మాట దగ్గర ఆగండి. అలాంటి సైట్‌కి సర్వర్లు కావాలి, లక్షలమంది ఒకేసారి చూస్తే ఆగకుండా ఆడాలి. దానికి నెలనెలా ఎవరో డబ్బు కట్టాలి. ఆ కేసులో పోలీసులు చెప్పింది బెట్టింగ్ యాప్‌ల ప్రచారం గురించి. సినిమా కోసం వచ్చిన కుర్రాడు పక్కనున్న బొమ్మ నొక్కి బెట్టింగ్‌లో పడతాడు. మన దగ్గర బెట్టింగ్ అప్పులతో ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. టికెట్ డబ్బు మిగిల్చి ఇల్లు గుల్ల చేసేవాణ్ని పేదల పాలిటి దేవుడని నేను అనలేను.

వాళ్ల అభిమానుల మాటల్లో ఒకటి మాత్రం నాకు గుచ్చుకుంది. టికెట్, పాప్‌కార్న్ కలిపి నలుగురికి అయ్యే ఖర్చు గురించి వాళ్లన్నది. దానికి మా పరిశ్రమ దగ్గర మంచి జవాబు లేదు.

మా నాన్నకు చెవులు వినపడవు. యాప్‌లో తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. నేనే చేసిపెడితే తప్పా?

తప్పే కాదు. 2012 సవరణలో వికలాంగులు చూడగలిగే, వినగలిగే రూపంలోకి మార్చుకోవడానికి, లాభాపేక్ష లేకుండా వాళ్లతో పంచుకోవడానికి ప్రత్యేకంగా మినహాయింపు పెట్టారు. చందా కట్టిన యాప్‌లో షో ఆడిస్తూ పక్కన మీ సబ్‌టైటిల్ ఫైల్ నడిపించండి. ఓపికుంటే యాప్‌వాళ్లకు ఫిర్యాదు కూడా రాయండి. తెలుగు డబ్బింగ్‌కి ఖర్చుపెట్టి, ఆ స్క్రిప్ట్ చేతిలోనే ఉన్నా తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టకపోవడం నాకు ఎప్పటికీ అర్థంకాని సోమరితనం. మేం రాసి ఇచ్చిన కాగితాలే అవి!

చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసిన సీరియల్, ఎవరో వీసీఆర్‌లో రికార్డ్ చేసింది దొరికింది. దాచుకోవచ్చా?

చట్టప్రకారం షో వచ్చిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 1987లో వచ్చినదానికి 2047 చివరిదాకా. కాబట్టి పాతదైపోయింది కదా అంటే చెల్లదు.

అయినా నేను దాచుకోమనే చెప్తాను. బీబీసీ 1960లు, 70లలో టేపుల ఖర్చు మిగుల్చుకోవడానికి డాక్టర్ హూ అనే తన సీరియల్ ఎపిసోడ్లు ఎన్నో చెరిపేసింది. పోయిన ప్రతి ఎపిసోడ్ శబ్దమైనా ఈరోజు మిగిలి ఉందంటే, ఇళ్లలో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చున్న అభిమానుల చలవే. యజమాని పారేసుకున్నది దొంగల దగ్గర బతికింది. అయితే దాచడం వేరు, దాన్ని యూట్యూబ్‌లో పెట్టి యాడ్స్ డబ్బులు తీసుకోవడం వేరు. ముందు ప్రసార భారతి వేవ్స్ యాప్‌లో వెతకండి. 2024 నవంబర్‌లో మొదలైంది, పాత దూరదర్శన్ కార్యక్రమాలు ఉన్నాయి.

ఒక సీన్ కట్ చేసి రీల్ పెడితే?

విమర్శకో సమీక్షకో అవసరమైనంత ముక్క వాడితే చట్టం ఒప్పుకుంటుంది. మీ మాట ఏమీ లేకుండా క్లైమాక్స్ మొత్తం పది ముక్కలుగా పెడితే అది సమీక్ష కాదు, వాయిదాల మీద పైరసీ.

## పోలీసుల దాకా వస్తే

శిక్ష ఎంత?

కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. వ్యాపారం కోసం చేయలేదని తేలితే కారణాలు రాసి కోర్టు తగ్గించవచ్చు. రెండోసారి దొరికితే కనీసం ఏడాది జైలు. ఇది పోలీసులు వారెంట్ లేకుండా అరెస్ట్ చేయగల, బెయిల్ హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. థియేటర్లో సినిమా రికార్డ్ చేసేవాళ్లకు 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ఇంకా బరువైంది. అక్కడ జరిమానా సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లొచ్చు.

ఇంట్లో కూర్చుని చూసేవాణ్ని పట్టుకుంటారా?

పోలీసుల చూపు పైనుంచి కిందికి వస్తుంది. రికార్డ్ చేసేవాడు, సైట్ నడిపేవాడు, ఛానెల్ అడ్మిన్, అమ్మేవాడు. తెలంగాణలో 2016లోనే మేధో సంపత్తి నేరాలకు ప్రత్యేక విభాగం పెట్టారు, ఫిలింనగర్‌లో ఫిల్మ్ ఛాంబర్‌కి సొంతంగా యాంటీ పైరసీ విభాగం ఉంది. వాళ్ల పని లింకులు తీయించడం, పెట్టినవాళ్లను వెతకడం. మంచం మీద పడుకుని చూసేవాడి తలుపు తడతారని చెప్పి నేను భయపెట్టను. మీరే అడ్మిన్ అయిన టెలిగ్రామ్ గ్రూప్ ఉంటే మాత్రం మీరు ఆ పై మెట్టు మీదే ఉన్నారు.

## మానేద్దామనుకుంటే

ఇన్ని యాప్‌లకు మధ్యతరగతివాళ్లం ఎక్కడ కట్టగలం?

అన్నీ ఒకేసారి కట్టమని ఎవరన్నారు? మా ఇంట్లో వంతు పద్ధతి. ఒక నెల ఒకటి, వచ్చే నెల ఇంకోటి. ఆటో పే మాత్రం అదేరోజు ఆపేయాలి, లేకపోతే మూడు వంతులు ఒకేసారి నడుస్తాయి. చూడాల్సినవి ఫ్రిజ్ మీద కాగితంలో రాసుకుంటాం, పాల లెక్క పక్కనే. కేబుల్, రీచార్జ్, ఇంటర్నెట్ ప్లాన్లతో ఏ యాప్‌లు వస్తున్నాయో ఒకసారి చూసుకోండి. మా ఇంట్లో రెండు యాప్‌లకు ఏడాదిపాటు రెండుసార్లు కట్టాం.

ధర మీద ఒత్తిడి పనిచేస్తుంది కూడా. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ 2019లో 199 రూపాయలతో మొదలైంది, 2021 డిసెంబర్‌లో 149కి దిగింది.

సీజన్ మొత్తం వచ్చేదాకా ఆగి, ఒక్క నెల కట్టి చూసి ఆపేస్తే అది మోసం కాదా?

కాదు. హాయిగా చేయండి.

బీటెక్ చదివే మా అబ్బాయి అన్నీ దించుకుంటాడు. తిట్టాలా?

తిడితే స్క్రీన్ మీకు కనపడకుండా తిప్పుకుంటాడు, అంతే. చేతిలో డబ్బులేని వయసు, దాన్ని నేరస్థుల లెక్కలో వేయకండమ్మా. రెండు మాటలు చెప్పండి: ఎవరికీ అమ్మొద్దు, తెలియని యాప్ ఫోన్లో వేయొద్దు. మొదటి జీతం వచ్చిన నెలలో వాడి చేతే ఒక చందా కట్టించండి.

హార్డ్‌డిస్క్‌లో రెండు టీబీ ఉంది. చెరిపేయాలా?

నాది నేను మొత్తం చెరపలేదు. ఒక ఆదివారం కూర్చుని చూశాను, మూడొంతులు అసలు తెరవనే లేదు. దించడమే ఒక ఆట అయిపోయిన రోజులవి. ఇప్పుడు యాప్‌లలో దొరుకుతున్నవాటిని తీసేశాను, ఎక్కడా దొరకని పాత సీరియళ్లు కొన్ని ఉంచుకున్నాను. అడిగినవాళ్లకు డిస్క్ ఇవ్వడం మానేశాను. ఆఖర్న చెప్పిందే అన్నింటికంటే కష్టమైంది, చుట్టాల్లో నన్ను పిసినారి అనుకుంటున్నవాళ్లు ఇద్దరున్నారు.

మా అసోసియేషన్ గ్రూపులో ఒక పెద్దాయన రోజూ లింకులు పెడతారు. ఆయనకు ఎలా చెప్పాలి?

గ్రూపులో చెప్పకండి. పదిమందిలో అంటే పెద్దాయన పట్టుదలకు పోతారు, మర్నాటి నుంచి రెండు లింకులు పెడతారు. మా దగ్గరా ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు ఉన్నారు. నేను ఆయన ఫ్లాట్‌కి వెళ్లి, ‘సార్, నేను రాసిన సిరీస్ ఒకటి మీ టీవీలో చూపిస్తాను, అందులో మాటలు ఎలా ఉన్నాయో చెప్పాలి’ అన్నాను. ఆయన టీవీలోనే, ఆయన బ్రాడ్‌బ్యాండ్‌తో వచ్చి ఏనాడూ తెరవని యాప్‌లోనే పెట్టాను. గంటన్నర చూసి నాలుగు వ్యాకరణ దోషాలు పట్టుకున్నారు. రెండు నిజంగానే నావి. ఆ తర్వాత సిరీస్ లింకులు తగ్గాయి. శుభోదయం బొమ్మలు మాత్రం రోజుకు ఆరు వస్తున్నాయి.